లిఫ్టర్ అంతయ్యకు సున్నా పాయింట్లు

అంతయ్య గొప్ప ఆటగాడా కాదా అన్న విషయం మీద ఆ కాలనీలో ప్రతి ఒక్కరికీ ఒక అభిప్రాయం ఉండేది. అంతయ్యకు మాత్రం రెండుండేవి. పొద్దున్నే లేచి మొహం కడుక్కునేటప్పుడు తాను గొప్పవాడేననిపించేది. నడక ముగించి, పార్కు బెంచీ మీద పట్టాభి పక్కన కాసేపు కూర్చుని లేచేసరికి కాదేమోననిపించేది. మధ్యాహ్నం భోంచేసి ఓ కునుకు తీస్తే పోయిన గొప్పతనం మళ్ళీ కొంచెం తిరిగొచ్చేది.

ఆట వాలీబాల్. కాలం, అంతయ్య ఆర్టీసీలో డ్రైవరుగా ఉన్న కాలం. అంతకుముందు, చిన్నప్పుడు, నల్లగొండ జిల్లాలో ఓ చిన్న ఊళ్ళో, బడి వెనక జాగాలో చేపల వలను నెట్టుగా కట్టి ఆడిన ఆట అది. ఉద్యోగం వచ్చి పట్నం చేరాక వదిలిపోతుందనుకున్నాడు. వదల్లేదు. ఆయన పడ్డ డిపోకు మేనేజరుగా ఉన్న మనిషికి వాలీబాల్ పిచ్చి. బస్సులు వేళకు రాకపోతే ఊరుకునేవాడు గానీ ఆటగాళ్ళు ప్రాక్టీసుకు వేళకు రాకపోతే మెమో ఇచ్చేవాడు. ఆ డిపో జట్టులో అంతయ్య పదేళ్ళు లిఫ్టరు.

లిఫ్టరంటే ఏమిటో తెలియనివాళ్ళు కాలనీలో చాలామంది ఉన్నారు, వాదనలో గట్టిగా అరిచింది కూడా వాళ్ళే కాబట్టి ఇక్కడ చెప్పేయడం మంచిది. వాలీబాల్‌లో జనానికి కనిపించేవాడు స్మాషరు. ఎగిరి, గాల్లో వంగి, బంతిని అవతలి నేలకేసి బాదుతాడు. ఈలలు వాడికి, దండలు వాడికి. ఆ బంతిని నెట్టుకు పైన, వాడి చెయ్యి ఎక్కడికి వస్తుందో అక్కడికి, సరిగ్గా ఆ క్షణానికి ఎత్తిపెట్టేవాడు లిఫ్టరు. పెళ్ళిలో పెళ్ళికొడుకు తాళి కట్టేటప్పుడు పెళ్ళికూతురి జడ ఎత్తి పట్టుకునే ఆడమనిషి ఒకామె ఉంటుంది కదా, ఇంచుమించు ఆమె పని. ఆమె జడ ఎత్తకపోతే ముడి పడదు. కానీ పెళ్ళి వీడియోలో ఆమె మోచేతులు తప్ప ఏమీ కనబడవు.

అంతయ్య విషయంలో ఇది మాటవరసకు అన్నది కాదు, అక్షరాలా నిజం. ఆయన పదేళ్ళ ఆటకు మిగిలిన ఆనవాలు ఒకే ఒక్క ఫోటో. అందులో చక్రపాణి గాల్లో ఉంటాడు. చక్రపాణి ఆ డిపోలో మెకానిక్కు, ఆరడుగుల మనిషి, జట్టుకు స్మాషరు. ఫోటోలో అతని మొహం, మీసం, చంక కింద చొక్కా చిరుగు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. కింద మూలన ఎవరిదో వీపు, పైకి లేచి ఉన్న రెండు చేతులు.

"గా చేతులు నావే," అని అంతయ్య ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. కేబుల్ బాగుచేయడానికి వచ్చినవాళ్ళకు కూడా చూపించేవాడు.

రిటైరయ్యాక ఎల్బీనగర్ చౌరస్తా వెనక ఈ కాలనీలో రెండు గదుల ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. మనిషి నెమ్మది. తన గొప్ప తాను చెప్పుకునే రకం కాదు, ఎదుటివాళ్ళ చేత చెప్పించుకునే రకం. బెంచీ మీద ఎవరైనా మెట్రో గురించి మాట్లాడుతుంటే, మెట్రో నుంచి బస్సుకు, బస్సు నుంచి డిపోకు, డిపో నుంచి డిపో జట్టు గెలిచిన కప్పుకు మాటను మెల్లగా నడిపించి, కప్పు దగ్గరకు రాగానే నోరు మూసుకుని, ఎవరైనా "ఏం కప్పు?" అని అడిగేదాకా ఆకాశంలోకి చూసేవాడు.

ఇలా సుఖంగా సాగిపోతుండగా పార్కులో పిచ్చిమొక్కలు పెరిగిన వాలీబాల్ కోర్టును కాలనీ సంఘం బాగుచేయించింది. కొత్త మట్టి, కొత్త స్తంభాలు, కొత్త నెట్టు. సంఘం కార్యదర్శి సూర్యప్రభ మేడం బ్యాంకులో పనిచేసి వచ్చిన మనిషి, ఏ పనైనా తీర్మానంతో మొదలుపెట్టి తీర్మానంతో ముగిస్తుంది. కోర్టుకు కాలనీలోని ఒక మంచి ఆటగాడి పేరు పెడదామని ఆమె ప్రతిపాదించింది. "మన అంతయ్య గారున్నారు కదా," అని కూడా అంది. నలుగురూ తలూపారు. అంతయ్య చెవులు ఎర్రబడ్డాయి. "నా పేరెందుకు మేడం," అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదేమో, ఎందుకంటే పట్టాభి దాన్ని ప్రశ్నగా తీసుకున్నాడు.

పట్టాభిది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. చెడ్డవాడు కాదు. అంతయ్యకు జ్వరం వస్తే ఆటో మాట్లాడి దవాఖానకు తీసుకెళ్ళింది ఆయనే. కాకపోతే ర్యాంకు లేని మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు, ర్యాంకు లేకుండా ఎవరైనా గొప్పవాళ్ళెలా అవుతారో ఆయనకు అర్థం కాలేదు.

"అంతయ్య గారూ, ఏమీ అనుకోకండి. మీరు మొత్తం మీద ఎన్ని పాయింట్లు చేశారు?" అని అడిగాడు.

"లిఫ్టరుకు పాయింట్లుండయి సార్. బంతి ఎత్తుడే మా పని. కొట్టేది స్మాషరు."

"అంటే సున్నా."

"సున్నా అంటే... సర్వీసుల ఒకటో రెండో..."

"పోనీ, సున్నాకు దగ్గర. ఇప్పుడు చెప్పండి మేడం, సున్నా పాయింట్లు చేసిన మనిషి పేరు కోర్టుకు పెడితే రేపు పిల్లలు ఏం నేర్చుకుంటారు?"

సూర్యప్రభ మేడం తీర్మానాన్ని వాయిదా వేసింది. కాలనీకి పని దొరికింది.

ఆ తర్వాత పదిహేను రోజులు ఆ పార్కులో ఇంకో మాట వినబడితే ఒట్టు. లిఫ్టరు లేనిదే స్మాషరు లేడని ఒక వర్గం. చక్రపాణి లాంటివాడుంటే బంతిని ఎవడెత్తినా ఒకటేనని ఇంకో వర్గం. వంటవాడు గొప్పా వడ్డించేవాడు గొప్పా అని ఒకరు, డ్రైవరు గొప్పా ఇంజను గొప్పా అని ఒకరు. వాట్సాప్ గ్రూపులో శుభోదయం గులాబీలు పంపేవాళ్ళు కూడా గులాబీలు ఆపేసి అంతయ్య మీద పడ్డారు. వాలీబాల్‌లో ఎంతమంది ఆడతారో తెలియని పెద్దమనిషి ఒకాయన, అంతయ్య గనక బౌలింగ్ కూడా చేసి ఉంటే ఒప్పుకునేవాణ్ణని రాశాడు.

అంతయ్య తన ఫోటో తెచ్చి చూపించాడు. పట్టాభి కళ్ళజోడు పైకి తోసి, కిందికి దించి, మళ్ళీ పైకి తోసి చూశాడు.

"ఈ చేతులు మీవే అనడానికి ఆధారం ఏంటండీ?"

అంతయ్య తన రెండు చేతులూ ఫోటో పక్కన పెట్టి చూపించాడు. కానీ ఇవి స్టీరింగు పట్టి పట్టి, షుగరొచ్చి, బక్కచిక్కిన చేతులు. ఫోటోలోవి పాతికేళ్ళవాడివి. పట్టాభి పెదవి విరిచాడు.

సాక్షి ఉన్నాడని గుర్తొచ్చి అంతయ్య అదే డిపోలో కండక్టరుగా చేసిన బక్కయ్యను పట్టుకొచ్చాడు. బక్కయ్య అన్ని మ్యాచులూ చూసినవాడే. "అబ్బో, ఏం ఆట సార్ అది! చక్రపాణి దుంకితె ఆకాశమే!" అని మొదలుపెట్టి, చాయ్ అయిపోయేదాకా చక్రపాణిని పొగిడి, చివర్లో అంతయ్య మోచేత్తో పొడిస్తే, "ఆఁ, అంతయ్య గూడ ఉంటుండె," అన్నాడు. పొడిచింది పట్టాభి చూడనే చూశాడు.

అంతయ్య ఉసూరుమంటూ ఇంటికొచ్చి భార్యతో చెప్పుకున్నాడు. తిరుపతమ్మ గోరుచిక్కుడు కాయలు తుంచుతోంది.

"నీకు బోర్డు మీద పేరు గావాల్నా?" అంది.

"నాకెందుకే! వాళ్ళే అంటున్నరు."

"మరి పరేషానెందుకు?"

"పరేషాన్ ఏం లేదు," అని కుర్చీలో కూలబడి, "నువ్వు సూసినవ్ గద ఒకపాలి. నేనెట్ల ఆడుతుంటి?" అని అడిగాడు.

తిరుపతమ్మ కాయలు తుంచడం ఆపింది. పెళ్ళయిన కొత్తలో నిజంగానే ఒక మ్యాచుకు వెళ్ళింది. ఎర్రచీర కట్టుకుని, ముందు వరసలో కూర్చుని, ఆట అయిపోయేదాకా చప్పట్లు కొట్టింది. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం ఆలోచించింది. ముప్పై ఏళ్ళ పైబడిన కాపురంలో ఆమెకు ఆ అలవాటు లేదు.

"నేను బంతినే సూసిన. బంతి చక్రపాణి దిక్కే పోతుండె. నిన్ను సూడలే," అంది.

కట్టుకున్న పెళ్ళాం కూడా చూడలేదన్నమాట. అంతయ్యకు నవ్వయితే వచ్చింది గానీ అన్నం సహించలేదు. ఆ పూట మజ్జిగ తాగి సరిపెట్టుకున్నాడు.

అసలు దెబ్బ మర్నాడు పడింది. పట్టాభి బెంచీ దగ్గరకు చిన్న వైట్‌బోర్డు తెచ్చాడు. ఆయన ఇంట్లో ఇంకా నాలుగున్నాయి. బక్కయ్యను విడిగా కూర్చోబెట్టి కూపీ లాగాడట. చక్రపాణి ఉన్నన్నాళ్ళూ డిపో జట్టు ఏటా ఫైనలుకు వెళ్ళింది. చక్రపాణికి ట్రాన్స్‌ఫరయింది. అంతయ్య అక్కడే ఉన్నాడు. ఆ మరుసటి యేడు జట్టు మొదటి మ్యాచులోనే ఇంటికొచ్చింది. పట్టాభి చక్రపాణిని ఎక్స్ అన్నాడు, అంతయ్యను వై అన్నాడు, ఎక్స్‌ను కొట్టేశాడు, వై దానంతటదే సున్నా అయిపోయింది.

"ఇందులో నా అభిప్రాయం ఏమీ లేదండీ. లెక్క అట్లా వచ్చింది," అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

అది అంతయ్య తనను తాను ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్న. బోర్డు, పేరు, వాట్సాప్, అవన్నీ పైపై మాటలు. నేను నిజంగా ఆడానా, లేక చక్రపాణి చెయ్యి పొడుగ్గా ఉండబట్టి బతికిపోయానా? దీనికి జవాబు తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా "బాగెత్తినవ్" అన్న పాపాన పోలేదు. కొట్టడం, ఈలలు వినడం, మీసం తుడుచుకోవడం, అంతే.

"చక్రపాణి గారు మలక్‌పేటలోనే ఉంటారటగా. ఆయన్నే పిలిచి అడిగేద్దాం. ఎక్స్ చెబితే ఇక తిరుగులేదు," అన్నాడు పట్టాభి. సూర్యప్రభ మేడం అక్కడికక్కడే తీర్మానించింది.

చక్రపాణి వస్తే చెప్పే మాట ఏదో అంతయ్యకు తెలుసు. ఇద్దరూ కలిసి ఆడిన చివరి ఫైనలు. ఆఖరి సెట్టు. అంతయ్య ఎత్తిన బంతి కిందికొచ్చింది. ఎంతో కాదు, జానెడు. చక్రపాణి గాలిని కొట్టి, నెట్టు మీద పడి, కింద దొర్లాడు. కప్పు పోయింది. ఆ వారమే ట్రాన్స్‌ఫర్ కాగితమొచ్చి చక్రపాణి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ కూడా మాట్లాడలేదు. ఎల్బీనగర్ నుంచి మలక్‌పేటకు మెట్రో ఎక్కితే పట్టుమని పావుగంట పట్టదు, ఆ పావుగంట దూరాన్ని ఇద్దరూ ఇన్నేళ్ళూ దాటలేదు.

సభ ఆదివారం సాయంత్రం పెట్టారు. నెట్టు పక్కనే షామియానా, కుర్చీలు, మైకు, ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో సంఘం పెద్దలందరి ఫోటోలూ పెద్దవిగా వేసి, అంతయ్యది మాత్రం అట్టడుగున అరచేతంత వేశారు. తీర్మానం అయ్యేదాకా పెద్దది వేయడం పద్ధతి కాదని మేడం అన్నదట.

చక్రపాణి దిగాడు. ఇస్త్రీ తెల్లచొక్కా, అరిగిన మోకాళ్ళు, చేతికర్ర, చొక్కా జేబులో మడిచిన ఉపన్యాసం. ఇక్కడ చిన్న పొరపాటు జరిగింది. పట్టాభి ఫోనులో మర్యాదగా, "మీ ఆట గురించి నాలుగు మాటలు అనుకుందామండీ, వేదిక మీద మీరు తప్పకుండా ఉండాలి," అన్నాడు. మన దగ్గర ఒక మనిషిని వేదిక మీదికి పిలిచారంటే శాలువా కప్పడానికే పిలుస్తారు, ఇంకో కారణం ఎవరూ ఎరగరు. కాబట్టి ఆ సన్మానం తనకేనని చక్రపాణి నమ్మాడు. అత్తగారి వైపు చుట్టాలను కూడా ఓ ఆటో నిండా తెచ్చుకున్నాడు.

వచ్చినవాణ్ణి వట్టి మెడతో కూర్చోబెట్టడం బాగుండదని ముఖ్య అతిథిగా ఒక శాలువా కప్పారు. అతిథికి కప్పాక సభాధ్యక్షురాలికి కప్పకపోతే బాగుండదు. ఆమెకు కప్పాక సభను ఏర్పాటు చేసిన పట్టాభికి కప్పకపోతే అసలే బాగుండదు. తెచ్చిన శాలువాలు అయిపోయాయి. అంతయ్య కింద మొదటి వరసలో ప్లాస్టిక్ కుర్చీలో, కోర్టు బోనులో మనిషిలా కూర్చున్నాడు. పక్కన తిరుపతమ్మ.

చక్రపాణి మైకు అందుకున్నాడు. తన ఎత్తు, తన ఎగురుడు, తన దెబ్బకు పగిలిన ట్యూబులైటు, తన మీసం చూసి భయపడ్డ అవతలి కెప్టెను. చుట్టాలు చప్పట్లు కొట్టారు. ఉపన్యాసంలో అంతయ్య పేరు లేదు. లిఫ్టరన్న మాటే లేదు. బంతి తనంతట తానే పైకొచ్చేదన్నట్టు చెప్పుకుపోయాడు. పట్టాభి మేడం వైపు "చూశారా" అన్నట్టు చూశాడు. అంతయ్య నేల చూశాడు.

మేడం ఇక లాభం లేదని లేచి, "చక్రపాణి గారూ, మీ జట్టు లిఫ్టరు అంతయ్య గారి గురించి కూడా ఓ రెండు మాటలు," అంది.

"ఏ అంతయ్య?" అన్నాడు చక్రపాణి.

తిరుపతమ్మ చీరకొంగు నడుముకు దోపింది. అంతలో చక్రపాణి కళ్ళు మొదటి వరసలో ఆగాయి. చేతికర్ర పైకెత్తాడు.

"ఓహో, నువ్వా! ఈడనే ఉన్నవా! మేడం, ఈ మనిషి మీద నాకు ముప్పై ఏండ్ల కోపముంది. ఇయ్యాల దొరికిండు."

వేయించిన మూంగ్‌దాల్ పొట్లాలు పంచుతున్నవాళ్ళు కూడా ఆగిపోయారు.

"ఫైనలు! ఆఖరి సెట్టు! నేను దుంకిన. బంతి లేదు! జానెడు కిందున్నది. గాల్లకు లేసిన మనిషి ఏం జేస్తడు సార్, మీరే చెప్పున్రి. గాలిని కొట్టిన. కింద వడ్డ. జనమంత నవ్విరి. ఎందుకట్ల జేసినవ్ అంతయ్యా? తొమ్మిదేండ్లు నేను బంతి దిక్కు సూస్తే ఒట్టు. అవతలోళ్ళ చేతులు ఏడున్నయో అదే సూస్తుంటి. కండ్లు మూసుకొని దుంకినా బంతి ఆడనే ఉంటుండె. మరి ఆ ఒక్కనాడెందుకు లేదు? జెప్పు!"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "ఫైనలు ఈయన వల్లే పోయిందంట," అని వెనక వరస దాకా పాకింది. చక్రపాణి ఆగలేదు.

"గంతటితోని ఐందా? నన్ను వేరే డిపోకు ఏసిండ్రు. ఆడి లిఫ్టరు మంచోడే, పాపం. కని బంతి ఏడికొస్తదో సూస్కుంట దుంకాలె. సూస్కుంట దుంకితె ఎగురుడు సగమైతది. రెండేండ్లల్ల బూట్లు ఇడిసిన. అంతకుముందు నాకు సూసుడు అలవాటే లేకపాయె! గీ అంతయ్యనే నన్ను ఖరాబ్ జేసిండు. నా ఆట ముంచిందే ఈయన!"

చుట్టాలు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. పట్టాభి లేచి మైకు తీసుకున్నాడు. ఆయన గొంతులో జాలి ఉంది, కానీ లెక్క లెక్కే.

"ముఖ్య అతిథి గారి మాటల్ని బట్టి తేలింది రెండు విషయాలండీ. ఫైనల్ పోవడానికి కారణం అంతయ్య గారు. చక్రపాణి గారి కెరీర్ ముగియడానికి కారణం కూడా అంతయ్య గారే. ఇన్నాళ్ళూ నేను సున్నా అన్నాను. నాది పొరపాటు. మైనస్‌లోకి పోతుంది."

తీర్మానం వీగిపోయింది. ఎవరి పేరూ వద్దని, కొత్త నెట్టు మీద ఆడవాళ్ళు అప్పుడే చీరలు ఆరేయడం మొదలుపెట్టారు కాబట్టి, బోర్డు మీద "ఇక్కడ బట్టలు ఆరవేయరాదు" అని రాయించాలని మేడం నిర్ణయించింది. దానికి మాత్రం ఏకగ్రీవం.

అంతయ్య కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అయ్యో పాపం, అంతమందిలో పరువు పోయిందని ఎవరో మంచినీళ్ళు తెచ్చిచ్చారు. ఆయన తాగలేదు. గ్లాసు చేతిలో పట్టుకుని, చక్రపాణి అన్న మాటలను ఒక్కొక్కటే మళ్ళీ వింటున్నాడు. కండ్లు మూసుకొని దుంకినా బంతి ఆడనే ఉంటుండె. తొమ్మిదేళ్ళు ఒక్క మెచ్చుకోలు కోసం చెవులు రిక్కించి బతికిన మనిషికి, అది తిట్ల మూటలో కట్టి వచ్చింది. వచ్చిందన్న సంగతి ఇచ్చినవాడికీ తెలియదు, విన్నవాళ్ళకూ తెలియదు.

జనం పలచబడ్డాక చక్రపాణి కర్ర టకటకలాడిస్తూ దగ్గరకొచ్చాడు. శాలువా చెమటకు మెడకంటుకుపోయింది. కోపం మాత్రం ఇంకా తడారలేదు.

"అడుగుతున్న గద. ఆనాడు ఏమైంది నీకు?"

"పొద్దంత సూర్యాపేట డ్యూటీ జేసి దిగొచ్చిన అన్నా. ఇప్పటోలె పవర్ స్టీరింగా ఏమన్ననా, వేళ్ళు వాసినయ్. బంతి ఎత్తితె పట్టు దొరకలే."

చక్రపాణి కర్రతో నేలను ఒక్క పోటు పొడిచాడు.

"నాకు జెప్పాలె గదరా! నేను జానెడు తక్కువ దుంకుతుంటి!"

ముప్పై ఏళ్ళ పంచాయితీ అక్కడితో అయిపోయింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని మిగిలిపోయిన మూంగ్‌దాల్ పొట్లాలు తిన్నారు. షుగరెంత, మోకాళ్ళకు ఏ నూనె, పెన్షనెప్పుడు పడుతుంది అని మాట్లాడుకున్నారు. వాలీబాల్ మాట రాలేదు. చుట్టాల ఆటో హారన్ కొడితే చక్రపాణి లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేదాకా తిరుపతమ్మ పళ్ళు నూరుతూనే ఉంది. చెప్పులు విడవకుండానే అందుకుంది.

"నలుగుట్ల నిలవెట్టి అన్నన్ని మాటలంటె, ఆయనతోని కూసోని పొట్లాలు తిన్నవ్! సిగ్గనిపియ్యలేదా నీకు? నేనైతె ఆ కర్ర గుంజుకుంటుంటి."

"ఏమే, ఆయన ఏమన్నడో ఇన్నవా నువ్వు?"

"ఇన్న. ఫైనలు నీ వల్లనే పోయిందన్నడు."

"ఎన్ని బంతులు ఎత్తిన్నో నాకే తెల్వదు. వేలకు వేలు. అండ్ల తప్పువోయింది ఆయనకు ఒక్కటే యాదికున్నది. ఒక్కటే! దానికే ముప్పై ఏండ్లు కోపం వట్టుకొని కూసున్నడు. రోజు తప్పువోయెటోని మీద కోపమస్తదా ఎవలకన్నా?"

తిరుపతమ్మ చెప్పులు విడిచింది. గోడకానుకుని నిలబడి ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆమెకు వాలీబాల్ ఎప్పుడూ అర్థం కాలేదు, కానీ ఇది వాలీబాల్ గురించి కాదని అర్థమైంది. చటుక్కున అడిగింది.

"మరి నేనొండిన కూరలల్ల తప్పువోయినయి నీకెన్ని యాదికున్నయ్?"

ఆ పూట అంతయ్య ఎంత సంతోషంలో ఉన్నాడంటే, అది మొగుళ్ళు జాగ్రత్తగా ఉండాల్సిన ప్రశ్న అని కూడా తోచలేదు.

"ఇల్లుజొచ్చిన నాడు బగారన్నం అడుగంటింది. ఊరోళ్ళంత వచ్చిరి. నాకెంత కోపమచ్చిందనుకున్నవ్!"

"ఇంకా?"

అంతయ్య ఆలోచించాడు. నిజాయితీగా, తల గోక్కుంటూ, పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించాడు.

"ఇంకేం లేవే. గదొక్కటే," అన్నాడు.

ఆ గృహప్రవేశం రోజు అన్నం అడుగంటింది తన వల్ల కాదని, కలపమని గరిటె చేతికిస్తే ఫోటో దిగడానికి ఉరికిన ఆయన చెల్లెలి వల్లనని ఎన్నో ఏళ్ళుగా మనసులో దాచుకుని, సమయమొచ్చినప్పుడు విసరాలనుకున్న మాట తిరుపతమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే మింగేసింది. మొహం అటు తిప్పుకుని కొంగుతో కళ్ళొత్తుకుని, లోపలికి వెళ్ళి, పొద్దున్నే ఆయనకు గారెలు చేద్దామని పప్పు నానబోసింది.